గాలికీ ఒక పుట్టిల్లు

నాకు అక్షరాలు వచ్చింది తల నెరిసిన తర్వాత. అందుకని ఏది దొరికితే అది చదువుతాను. మిర్చి బజ్జీలు కట్టిచ్చిన కాగితం చదువుతాను, బస్సు వెనక రాసింది బస్సు కదిలిపోయేదాకా చదువుతాను, మందు సీసా మీది సన్న అక్షరాలు కండ్లద్దాలు తుడుచుకుని మరీ చదువుతాను. చిన్నప్పుడే చదువుకున్నవాళ్లు అక్కర్లేదని వదిలేసేవి నేను వదలను. మొన్న జక్రాన్‌పల్లిలో నర్సింలు మామ దినాలకు పోయి వచ్చాను. మామ అంటే మా అవ్వకు సొంత తమ్ముడు. మా దిక్కు తల్లినే అవ్వ అంటాము. నిండుగా బతికాడు, మధ్యాహ్నం అన్నం తిని పడుకున్నాడు, లేవలేదు. అటువంటి చావుకు ఎక్కువ ఏడిస్తే మామే లేచి తిట్టేవాడు. నిజామాబాద్‌లో మా ఇంటికి వచ్చి కాళ్లు కడుక్కుని కూర్చుంటే, నా మనుమరాలు శ్రీజ సోషల్ పుస్తకం సోఫా మీద తెరిచి పడి ఉంది. పాఠం పేరు వాయురాశులు. అవి ఎన్ని రకాలు, ఎక్కడెక్కడ పుడతాయి. ఫ్యాను వేసుకుని మొదటి నుంచి మొదలుపెట్టాను.

నాకు అర్థమైనంత వరకు సంగతి ఇది. గాలి కూడా మనిషి లాంటిదే. ఎక్కడ ఎక్కువ రోజులు కూర్చుంటే అక్కడి గుణం పట్టుకుంటుంది. కూర్చునే చోటు చాలా పెద్దదై, ఒకే తీరుగా ఉండాలి. సముద్రమైతే అంతా సముద్రమే, ఎడారైతే అంతా ఇసుకే, మంచైతే చూపు ఆనినంత మేర మంచే. అక్కడ గాలి పెద్దగా కదలకుండా రోజుల తరబడి పడి ఉంటే, కింద ఉన్నదాని వేడో చలో, తడో పొడో దానికి పైదాకా ఎక్కుతుంది. అట్లా తయారైన గాలి ముద్దకే వాయురాశి అని పేరు. ముద్ద అంటే పిడికిట్లో పట్టేది కాదు, మన జిల్లాల్లాంటివి ఎన్నో దాని కింద మునిగిపోతాయి. సైబీరియా, కెనడా మంచు నేలల మీద పుట్టింది చల్లగా, పొడిగా ఉంటుంది. ఉత్తరాన చల్లటి సముద్రాల మీద పుట్టింది చల్లగా, తడిగా ఉంటుంది. సహారాలోనూ, అరబ్బు దేశాల్లోనూ, మన రాజస్థాన్ ఎడారిలోనూ పుట్టింది వేడిగా, పొడిగా ఉంటుంది. బంగాళాఖాతం, అరేబియా సముద్రం లాంటి వెచ్చటి నీళ్ల మీద పుట్టింది వేడిగా, తడిగా ఉంటుంది. ధ్రువాల దగ్గర పుట్టేవి ఇంకా ఉన్నాయి, వాటి చలి చదువుతుంటేనే దుప్పటి వెతుక్కోవాలి. సైబీరియాది మన మీద పడకుండా హిమాలయాలు అడ్డం పడుకున్నాయట. మంచి పని చేశాయి. ఇక్కడి చలికే నా మోకాళ్లు పట్టేస్తాయి.

"నానమ్మా, రేపు నాకు టెస్టున్నది. పుస్తకమియ్యి," అని శ్రీజ వచ్చింది.

"ఆగు. గాలికి పుట్టిల్లున్నదట. ఇన్నేండ్లు నాకెవలు చెప్పలే."

"పుట్టిల్లు కాదు నానమ్మా, ఉద్భవ ప్రాంతం."

"రెండొకటే. పుట్టిల్లని రాస్తె మార్కులియ్యరా?"

"ఇయ్యరు."

"అయితె నువ్వు ఉద్భవమే రాయి. నేను పుట్టిల్లే అంట. నాకు మార్కులతోటి పనిలేదు."

పిల్ల నవ్వి నా పక్కనే కూర్చుంది. దానికి నేను ఈ కథ చెప్పాను. చెప్పింది ఇక్కడ రాస్తున్నాను. ఒక ఏడు, గాలి పుట్టిల్లు ఎక్కడో మా ఇంట్లో ఎవరికీ తెలియక, మా అవ్వకు పుట్టింటి దారి మూసుకుపోయినంత పనైంది.

మాది బోధన్‌కు తూర్పున, చెరుకు పండే ఊరు. నేను బడి ముఖం చూడలేదు. బడికి పోయే వయసులో గానుగ దగ్గర ఎద్దుల వెనక తిరిగాను. చలికాలం వచ్చిందంటే మా ఇంట్లో అందరి బట్టలకూ బెల్లం వాసనే. తెల్లారకముందే అవ్వ లేచి వాకిలి ఊడ్చేది, మా నాన్న, అంటే బాపు, పొయ్యిలో ఎండిన చెరుకు పిప్పి ఎగదోసేవాడు, బాపు తల్లి బాపమ్మ రసం కాగే పెద్ద పెనం పక్కన పీట వేసుకుని కూర్చుని, రసం మీద తేలిన మురికి నురగను జల్లెడ గరిటెతో తీసి కుండలో వేసేది. రసం ముదిరి పాకానికి వస్తుంటే బుడగలు పెద్దవై, బరువెక్కి, లోపల ఎవరో మూలుగుతున్నట్టు చప్పుడు చేసేవి. అప్పుడు బాపమ్మ ఒక బొట్టు నీళ్లలో వేసి వేళ్లతో నలిపి చూసి "దించుండ్రి" అనేది. ఆమె అనకముందు దించితే బెల్లం గట్టిపడదు, అన్న తర్వాత ఆలస్యం చేస్తే మాడుతుంది. దించిన పాకంలో ఇంత చెరుకు ఆకు మీద పోసి నాకిచ్చేది. అది నాకుతూ నాలుక కాల్చుకోని రోజు నాకు గుర్తు లేదు. ఆ మంట ముందు ఈ కాలం చాక్లెట్లు ఎందుకూ పనికిరావు. శ్రీజకు అంటే నమ్మదు, అది దాని ఇష్టం.

బెల్లానికి శత్రువు తడిగాలి. బయట తడిగాలి ఉంటే ముద్దకు చెమట పడుతుంది, నాలుగు రోజుల్లో మెత్తబడి గోనెకు అంటుకుంటుంది. అందుకని పెనం ఎక్కించే ముందు గాలి చూడాలి. ఆ పని మా బాపుది. పొద్దున్నే వాకిట్లో నిలబడి, తలకు చుట్టిన రుమాలు తీసి భుజాన వేసుకుని, ముక్కు నాలుగు దిక్కులకూ తిప్పేవాడు. పడమట బోధన్ చక్కెర కార్ఖానా నడిచే రోజులవి. అటు నుంచి గాలి వస్తే మొలాసిస్ వాసన, అంటే చక్కెర తీయగా మిగిలిన మడ్డి వాసన, ఊరంతా కమ్ముకునేది. బాపు దానికి కార్ఖాన గాలి అని పేరు పెట్టాడు. ఉత్తరం నుంచి బురద వాసన మోసుకొచ్చేది గంగ గాలి; గోదావరిని మేము గంగ అనే అంటాము. దక్షిణం దిక్కుది మంజీర గాలి. తూర్పుది నిజామాబాద్ గాలి, దానికి వాసన లేదు, అందుకని దాన్ని బాపు లెక్కలోకి తీసుకునేవాడు కాదు. మా బాపు గాలులన్నీ బండి కట్టుకుని పొద్దుగూకేలోపు పోయి రాగలిగినంత దూరంలోనే పుట్టేవి. అంతకంటే అవతల నుంచి గాలి రావలసిన అవసరం ఏమున్నదో ఆయనకు తోచలేదు. కార్ఖాన గాలి పొడిది, బెల్లం పెట్టొచ్చు. గంగ గాలి అనుమానం. మంజీర గాలి వస్తే ఎద్దులకు సెలవు. చాలాసార్లు ఆ మాట నిలబడేది కూడా. పక్క పొలాలవాళ్లు వచ్చి "భూమన్నా, ఇయ్యాల ఎట్లున్నది?" అని అడిగి పోయేవాళ్లు. అడిగినప్పుడల్లా బాపు మీసం ఇంత పొడుగు సాగేది.

బాపమ్మకు ముక్కు పనిచేయదు. నశ్యం పీల్చి పీల్చి దాన్ని మొద్దు చేసుకుంది. ఆమె గాలిని వేళ్లతో చూసేది. ఉప్పుకుండలో చేయి పెట్టి ఉప్పు వేళ్లకు అంటితే తడిగాలి, రాలితే పొడిగాలి. నులక మంచం మీద కూర్చుని అల్లికను మీటి చూసేది. నులక బిగిసి తంబూరా తీగ లెక్క మోగితే తడి, వదులైతే పొడి. తల్లీకొడుకులు ఇద్దరికీ కుదిరిన రోజు ఇంట్లో నెమ్మది. కుదరని రోజు మేము ఎవరి కంటా పడకుండా తిరిగేవాళ్లం.

ఆ ఏడు ఎండలు ముదరకముందే, చెరుకు ఇంకా కొంత మిగిలి ఉండగానే, జక్రాన్‌పల్లి నుంచి నర్సింలు మామ వచ్చాడు. మామ వాళ్లది పసుపు. కొమ్ములు తవ్వి కుప్ప పోశాడు. ఇక వాటిని ఉడకబెట్టాలి, ఉడికినవాటిని కల్లంలో పరిచి ఎండబెట్టాలి. ఎండేలోపు వాన తగిలితే కొమ్ము లోపల నల్లబడుతుంది, రంగు పోయిన పసుపును ఎవరూ ముట్టరు. ఉడకబెట్టే పెద్ద కడాయి ఊరు మొత్తానికి ఒకటే, వంతుల మీద తిరుగుతుంది. మామ వంతు వచ్చింది. వద్దంటే అది పక్కవాడికి పోతుంది, మళ్లీ తిరిగి వచ్చేదాకా కుప్పలోని కొమ్ములు మొలకలెత్తుతాయి. మామ పొడుగు మనిషి, గట్టిగా నవ్వే మనిషి. ఆ రోజు మాత్రం నవ్వకుండా మంచం చివర కూర్చున్నాడు.

"బావా, కడాయి వంతు పట్టాల్నా, ఇడువాల్నా? నువ్వు సెప్పు."

బాపు వాకిట్లోకి పోయాడు. ముక్కు తిప్పాడు. మొలాసిస్ వాసన అందరికీ వస్తూనే ఉంది, అయినా ఆయన తొందరపడలేదు.

"కార్ఖాన గాలి. సక్కగ పొడిది. ఉడకబెట్టు, కల్లంల పరువు. ఒక్క చినుకు రాలిందంటె మీసం గొరిగిస్త."

"మీసం గొరిగితె పసుపు ఎండుతదారా భూమిగా?" అంది బాపమ్మ పొయ్యి దగ్గర నుంచి.

"అత్తా, బావ ముక్కంటె నాకు నమ్మకం," అన్నాడు మామ.

"నాకు గూడ నమ్మకమే బిడ్డా. గాని గా ముక్కు ఈడున్నది, నీ పసుపు ఆడున్నది. మీ ఊర్లె ఇంటింటికి పసుపు ఉడుకుతది, గా ఆవిరికే గాలి తడిసిపోతది."

ఆమె చెప్పిన కారణం తప్పు. కడాయిల ఆవిరికి ఒక జిల్లా గాలి తడవదు. కానీ అక్కడి గాలి వేరు, ఇక్కడి గాలి వేరు అన్న మాట మాత్రం ఎక్కడో తగలవలసిన చోట తగిలింది. ఎవరూ పట్టించుకోలేదు. కారణం తప్పుగా ఉంటే మాట ఒప్పైనా చెల్లదు మా ఇంట్లో, బాపు అట్లా పెంచాడు అందరినీ.

పసుపు ఉడకబెట్టేటప్పుడు దగ్గరివాళ్లు పోయి చేయి వేయడం ఆనవాయితీ. మేమంతా కదిలాము. బోధన్ బస్సులో నిజామాబాద్, అక్కడ బస్సు మారి ఆర్మూర్ దారిలో జక్రాన్‌పల్లి. అవ్వ దారి పొడుగునా కిటికీ పక్కనే కూర్చుంది. పుట్టింటికి పోతున్న ఆడమనిషి ముఖం వేరే తీరుగా ఉంటుంది. మా అవ్వకు అత్తగారింట్లో ఉన్నప్పుడు లేని మాటలన్నీ ఆ బస్సులో వచ్చేవి. కండక్టర్‌తో కూడా మాట్లాడేది. బస్సు దిగగానే బాపు అలవాటు కొద్దీ రుమాలు తీసి ముక్కు తిప్పాడు. ఈ పక్కా ఆ పక్కా తిప్పాడు. మొలాసిస్ వాసన లేదు. ఉడుకుతున్న పసుపు ఘాటు తప్ప ఏమీ లేదు.

"ఏం వాసనొస్తున్నది?" అని అడిగింది బాపమ్మ.

"గాలి నిలబడ్డది," అన్నాడు బాపు.

మామ ఇంట్లో నులక మంచం మీద కూర్చుని బాపమ్మ అల్లికను మీటింది. మోగింది. "ఒరే, ఈ ఇంట్ల గాలి తడిసున్నది," అంది. "అల్లినోడు గట్టిగ గుంజి అల్లిండే, దానికి వానకు ఏం సంబంధం?" అన్నాడు బాపు. అందరూ నవ్వారు. బాపమ్మ కూడా నవ్వి నశ్యం తీసుకుంది. అల్లినవాడు నిజంగానే గట్టిగా అల్లాడేమో ఎవరికి తెలుసు.

కడాయి ఎక్కింది. కొమ్ముల మీద పసుపు ఆకు కప్పి, పైన గోనె పరిచి, కింద మంట పెట్టారు. నురగ పొంగి ఆ మన్ను వాసన, మందు వాసన కలిసిన ఘాటు లేచేసరికి మామ చీపురు పుల్ల గుచ్చి చూసేవాడు. పుల్ల అన్నంలోకి దిగినట్టు దిగితే ఉడికినట్టు. ఉడికినవాటిని తట్టల్లో మోసి కల్లంలో పరిచాము. నేనూ మోశాను. పని అయ్యేసరికి కల్లమంతా పచ్చగా పరుచుకుంది, దాని మీద ఎండ పడుతుంటే చూడలేక కండ్లు మూసుకోవలసి వచ్చింది. మామ నడుం మీద చేతులు పెట్టుకుని చూసి, బావ వైపు తిరిగి, "నీ పుణ్యం," అన్నాడు. బాపు మీసం సర్దుకున్నాడు.

అన్నాలు తిని లేచేసరికి పడమటి నుంచి వేడి గాలి దుమ్ము లేపింది. అది పోతుందిలే అనుకున్నాము. ఆగ్నేయం మూల నుంచి మాత్రం మబ్బు లేస్తూ ఉంది, కింద నల్లగా, పైన గోబీ పువ్వు లెక్క తెల్లగా. దుమ్ము అటు పోయింది, మబ్బు ఇటు వచ్చింది, రెండూ సరిగ్గా మామ కల్లం మీదే కలుసుకోవాలని మాట్లాడుకున్నట్టు కలుసుకున్నాయి. ముందు ఒక చల్లటి గాలి కాళ్లకు తగిలింది. తర్వాత రేకుల కప్పు మీద ఎవరో గులకరాయి విసిరినట్టు ఒక చప్పుడు. రాళ్లవాన.

ఎవరికి దొరికిందానితో వాళ్లు ఎత్తాము. తట్టలు, బిందెలు, అన్నం గంజు, బాపమ్మ కూర్చున్న పీట తిరగేసి దాని మీద కూడా. ఎత్తింది ఎత్తినట్టు వంటింట్లో, మంచాల కింద, ఎడ్ల కొట్టంలో పోశాము. తార్పాలిన్లు లేని రోజులవి. ఉన్న గోనెలు చాలక దుప్పట్లు కప్పాము, దుప్పట్లు చాలక చీరలు కప్పాము. బాపు తడిసిపోతూ కల్లం నడుమ నిలబడి "సెప్పుతున్న గద, ఇది కార్ఖాన గాలి కాదు, ఇది వేరే," అని అరుస్తున్నాడు.

"మీసం సంగతి తర్వాత సూద్దాం బావా," అన్నాడు మామ, "ముందుగాల నీ ధోతి ఇయ్యి."

బాపు ధోతి విప్పి ఇచ్చాడు. చారల చెడ్డీ మీద, తల మీద రుమాలుతో, రాళ్లవానలో నిలబడ్డ మా బాపును చూసి నాకు నవ్వు వచ్చింది. నవ్వితే అవ్వ నా వీపు మీద ఒక్కటి వేసింది. అవ్వ ముఖం చూశాక నవ్వు ఆగిపోయింది. ఆమె పసుపు వైపు చూడటం లేదు, తమ్ముడి వైపు చూస్తోంది.

మర్నాడు మేము తిరిగి వచ్చాము. బాపు ధోతి పసుపు నీళ్లలో నానీ నానీ పెండ్లిబట్ట అయింది. వేరే ధోతి తెచ్చుకోలేదు, మామ ధోతి అడగడానికి నోరు రాలేదు. నిజామాబాద్ బస్టాండులో ఒక ముసలాయన "ఈ వయసుల ఏ ఊరి పిల్లను సేసుకుంటున్నవ్ పటేలా?" అని అడిగాడు. బాపమ్మే జవాబు చెప్పింది. "పిల్ల దొరకలే అయ్యా, పసుపు రాసి వాపసు పంపిండ్రు," అంది. వెళ్లేటప్పుడు కండక్టర్‌తో మాట్లాడిన మా అవ్వ, వచ్చేటప్పుడు టికెట్టు కూడా అడగలేదు.

మామ కుప్పలో కొంత మిగిలింది, కొంత నల్లబడింది. ఎంత నల్లబడిందో ఎవరూ చెప్పలేదు, మేము అడగలేదు. అడగకపోవడమే అవ్వను తినేసింది. ప్రతి ఏడూ ఎండాకాలం చివర మామ మా ఇంటి వాడకానికి ఒక సంచి పసుపు బస్సులో ఎవరికో ఇచ్చి పంపేవాడు. ఆ ఏడు కూడా వచ్చింది. విప్పితే నల్ల కొమ్ములు. అవ్వ ఒక కొమ్ము విరిచి లోపల చూసింది.

"కోపంతోటి పంపిండా అత్తా, మరిసిపోక పంపిండా?"

"ఆని ఇంట్ల గూడ గవ్వే తింటుండొచ్చు," అంది బాపమ్మ. "దంచు."

దంచాము. ఆ వానాకాలమంతా మా ఇంట్లో పప్పు మట్టి రంగులో ఉండేది. ఉప్పు కాస్త ఎక్కువైతే కంచం తోసేసే మా బాపు, ఆ పప్పు ఒక్క మాట అనకుండా తిని లేచి పోయేవాడు. పొద్దున వాకిట్లో నిలబడటం మానేశాడు. గాలి సంగతి అడగడానికి ఎవరైనా వస్తారని తెలవారకముందే పొలానికి పోయేవాడు. నేను ఎంత పిల్లనైనా నాకూ తెలుసు, ఇంట్లో అందరూ ఎదురుచూస్తున్నది ఒక్కదానికే. బతుకమ్మకు ఇంటి ఆడబిడ్డను పుట్టింటికి తోలుకపోవడానికి అన్నో తమ్ముడో రావాలి. పిలవని పుట్టింటికి పోయిన దానికి వాకిట్లోనే చిన్నతనం. మామ వస్తే అవ్వకు పుట్టిల్లు ఉన్నట్టు. రాకపోతే ఇక లేనట్టే.

ఇంతవరకు చెప్పేసరికి శ్రీజ పుస్తకంలోని మ్యాపు మీద పెన్సిల్ తిప్పుతోంది. రాజస్థాన్ నుంచి ఒక గీత బోధన్ దాకా గీసింది. బంగాళాఖాతం నుంచి ఒక గీత జక్రాన్‌పల్లి దాకా గీసింది. రెండు గీతలకూ నడుమ వేలెడంత జాగా కూడా లేదు.

"ముత్తాత రాంగ్ కాదు నానమ్మా," అంది. "ఆయన నిలబడ్డది ఒక ఎయిర్ మాస్‌ల, పసుపున్నది ఇంకో ఎయిర్ మాస్‌ల. బోధన్ మీదున్నది ఎడారిది. జక్రాన్‌పల్లి మీదికి సముద్రందొచ్చింది. రెండు కలిసిన దగ్గర రాళ్లవాన."

అది నిజమే అయి ఉండొచ్చు. పాఠంలోనూ ఉంది, రెండు వాయురాశులు ఎదురుపడితే వెంటనే కలిసిపోవట, నడుమ ఒక గట్టు కట్టుకుని తోసుకుంటాయట. కొత్త వియ్యాలవాళ్లు పెండ్లి పందిట్లో కూర్చున్నట్టు. పుట్టిన చోటు వదిలి వచ్చాక దారిలో కొంచెం కొంచెం మారుతాయట కూడా. కానీ పుట్టిల్లు ఎక్కడో తెలియాలంటే ఎటు నుంచి వీస్తుందో చూస్తే చాలదు. మా బాపు గాలిని ఏ దారిన వచ్చావని అడిగాడు, ఎక్కడ పుట్టావని అడగలేదు. సంబంధం చూసేటప్పుడు ఇంటిపేరు, ఊరు, మేనమామలు ఎవరు అని పిండి పిండి అడిగే మనిషి గాలిని మాత్రం వాసన చూసి ఒప్పేసుకున్నాడు. సముద్రం ఆయన ఎన్నడూ చూడలేదు. చూడనిదాన్ని ఎట్లా అనుమానిస్తాడు?

ఇప్పుడు పసుపును కడాయిల్లో కాదు, ట్రాక్టరుకు కట్టి తెచ్చే ఆవిరి డ్రమ్ముల్లో ఉడకబెడుతున్నారు. మబ్బు కనిపిస్తే నీలం తార్పాలిన్లు గుంజుతారు. మొన్న మామ దినాల్లో కూడా కుర్రవాళ్లందరూ ఫోన్లు తీసి వాన ఎంత పడుతుందో చూసుకున్నారు. ఫోను చెప్పింది తప్పితే ఫోను మీద ఎవరూ అలగరు, ఇంకో ఫోను చూస్తారు. చెడ్డ పద్ధతి అని నేను అనను, మా మామకు ఒక తార్పాలిన్ ఉంటే మా అవ్వ ఆ వానాకాలం నిద్రపోయేది. బోధన్ వైపు పోతే ఇప్పుడు మొలాసిస్ వాసన లేదు. కార్ఖానా నిలిచిపోయి చాలా కాలమైంది. అటు నుంచి గాలి వస్తూనే ఉంది, ఎవరిదో గుర్తుపట్టడానికే ఏమీ లేదు. ఇంట్లో కూలరు ఉంది, కిటికీలు మూసి ఉంటాయి. ఏ సముద్రం నుంచి ఏ గాలి వచ్చి మా గోడను తాకి పోతుందో నాకు తెలియదు. తెలిసినవాళ్లు ఎక్కడో ఉన్నారు, వాళ్లు చెబుతారు, మేము వింటాము. అప్పట్లో తప్పులు ఎక్కువ, కానీ ఆ తప్పులకు ఒక మనిషి ముఖం ఉండేది. ఆ ముఖం చూసి తిట్టొచ్చు, జాలిపడొచ్చు, దానికి ఒక ముద్ద అన్నం పెట్టొచ్చు.

"తర్వాత ఏమైంది? వచ్చిండా?" అంది శ్రీజ, పెన్సిల్ పక్కన పెట్టి.

వచ్చాడు. ఎంగిలిపూల బతుకమ్మకు, అంటే పండుగ మొదలయ్యే రోజుకు, ముందు రోజు. మేము కట్టెలు సర్దుతున్నాము. వాకిట్లో చెప్పులు విడిచిన చప్పుడు అయితే అవ్వ చేతిలో కట్టె అట్లాగే ఉండిపోయింది. మామ లోపలికి వచ్చి, బాపమ్మ కాళ్లకు మొక్కి, ఇచ్చిన నీళ్లు తాగి, మంచం మీద కూర్చున్నాడు. బాపు అప్పుడే పొలం నుంచి వచ్చి గుమ్మంలో ఆగిపోయాడు. ఇద్దరూ ఎద్దుల సంగతి మాట్లాడారు. తర్వాత చెరుకు సంగతి.

"అక్కను తోలుకపోత," అన్నాడు మామ. "పిల్లను గూడ."

బాపు తల ఊపాడు. అవ్వ లోపలికి పోయింది. మూట ఎప్పుడు కట్టిందో ఏమో, పోయినంత తొందరగా మూటతో బయటికి వచ్చింది. బాపమ్మ అది చూసి అటు తిరిగి నవ్వుకుంది. ఆకాశం మసక మసకగా ఉంది. మామ లేచి, ధోతి దులుపుకుని, వాకిట్లోకి వచ్చి పైకి చూశాడు. చూసి బాపు వైపు తిరిగాడు.

"బావా, పొద్దుగూకేదాక బస్సుల పోవాలె. గాలెట్లున్నది?"

మామ ఎగతాళి చేస్తున్నాడా, నిజంగానే అడుగుతున్నాడా అని ముఖం చూశాను. ముఖంలో ఏమీ లేదు, అడిగినవాడు జవాబు కోసం ఆగినట్టే ఆగాడు. బాపు రుమాలు తీయలేదు. ముక్కు తిప్పలేదు. మామ కాళ్ల దగ్గరి మట్టిని చూశాడు.

"నాకు తెల్వది నర్సింలూ," అన్నాడు.

మామ ఇల్లు కదిలేట్టు నవ్వాడు. వచ్చినప్పటి నుంచి అదే మొదటి నవ్వు.

"గట్ల సెప్పు బావా. ఇగ నువ్వేం సెప్పినా నమ్ముత," అని అవ్వ చేతిలోని మూట అందుకున్నాడు.